అపొస్తలుడైన తోమా, పరంగికొండ దేవాలయము

మన అధ్యక్ష మండలము నూరేండ్ల పండుగ జరుపుకొంటున్న ఈ సమయమున, జ్ఞాపక సంచికకు ఒక భక్తుని జీవితమును వ్రాసి ఇమ్మని సంచిక సంఘమువారు మమ్మును అడిగారు. మన ప్రాంతమునకు సువార్త తెచ్చిన మిషనెరీలను గూర్చి, మొదటి ఉపదేశులను గూర్చి మాకంటె పెద్దలు ఈ సంచికలో వ్రాస్తున్నారు. మేము ఇంకా చాల వెనుకకు వెళ్లి, అపొస్తలుడైన తోమాను గూర్చియు, ఆయన పేరున చెన్నై శివారు కొండ మీద నిలిచిన దేవాలయమును గూర్చియు నాలుగు మాటలు వ్రాయ తలచాము. దీనికి కారణమున్నది. తోమాకు మేము బాకీ పడ్డాము.

పదునాలుగేండ్ల క్రిందట మేము ఒక చిన్న ఊరి పాస్టరేటులో పనిచేస్తుండగా, స్త్రీల మైత్రి సంఘమువారు కోరినందున నలుబది మందితో బస్సులో చెన్నైకి యాత్ర వెళ్లాము. తెల్లవారేసరికి పరంగికొండ దిగువకు చేరాము. ముసలివారిని బండ్ల దారిన పైకి పంపి, మిగిలినవారము రాతి మెట్లు ఎక్కాము. పైన దేవాలయము ముందు అందరిని నిలబెట్టి మేము పెద్ద గొంతుతో చరిత్ర చెప్పాము. తోమా క్రీ.శ. 52లో మలబారు తీరమున దిగాడనియు, 72లో ఈ కొండ మీదనే ఈటెపోటుకు ప్రాణము విడిచాడనియు, లోపలనున్న రాతి సిలువ ఆయన తన చేతులతో చెక్కినదేననియు చెప్పాము. అన్నిటిని ఒకే ధీమాతో చెప్పాము.

మా గుంపులో డిగ్రీ చదువుతున్న యువకుడు ఒకడున్నాడు. చరిత్ర విద్యార్థి. అతడు ముందుకు వచ్చి, ఈ సంగతులు ఎక్కడ వ్రాయబడి ఉన్నవి, ఎప్పుడు వ్రాయబడినవి అని మర్యాదగానే అడిగాడు. మాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పుటకు సిగ్గుపడి, మన సంఘములో కూడ ఒక అనుమానపు తోమా ఉన్నాడని నవ్వుతూ అన్నాము. అందరు నవ్వారు. తిరుగు ప్రయాణములో ఆ అబ్బాయి నోరు విప్పలేదు. తరువాతి ఆదివారము గుడికి రాలేదు. ఆ పై ఆదివారమును రాలేదు. తల్లి ఒక్కరే వచ్చి, ప్రభువు బల్ల యొద్ద మోకరించి, ఎవరితోను మాట్లాడకుండ వెళ్లిపోయేవారు.

వేదాంత కళాశాలలో చదివి పట్టా పుచ్చుకొన్న మాకు, అప్పుడు గాని పుస్తకములు తిరిగి తీయవలెనని బుద్ధి పుట్టలేదు. ఆనాడు కొండ మీద ఏ విధముగా చెప్పవలసియుండెనో ఆ విధముగా తోమా జీవితమును ఇప్పుడు చెప్తాము. లేఖనములలో ఉన్నది ఒకటి, పరంపరగా వచ్చినది ఒకటి, రాతి మీద కంటికి కనబడేది ఒకటి. ఈ మూడింటిని కలగలుపకుండ చెప్పుట మా ప్రయత్నము.

లేఖనములలో తోమా

మత్తయి, మార్కు, లూకా సువార్తలలోను, అపొస్తలుల కార్యముల మొదటి అధ్యాయములోను శిష్యుల జాబితాలో తోమా పేరు ఉన్నది. అంతకు మించి అక్కడ ఏమియు లేదు. ఆయన మాట్లాడిన మాటలు, చేసిన పనులు మనకు యోహాను సువార్త వలననే తెలిసినవి. తోమా అనునది అరామిక్ భాషలో కవల అని అర్థమిచ్చు మాట. దిదుమ అనునది అదే అర్థము గల గ్రీకు మాట. ఎవరికి కవలయో, ఏ ఊరివాడో, ఏ పని చేసి బ్రతికినవాడో సువార్త చెప్పలేదు.

ఆయన మొదట నోరు విప్పినది పదునొకండవ అధ్యాయములో. లాజరు జబ్బుపడిన కబురు వచ్చిన తరువాత, ప్రభువు మరల యూదయకు బయలుదేరాడు. అంతకు కొద్దికాలము ముందే అక్కడివారు ఆయనను రాళ్లతో కొట్టజూచారు. శిష్యులు వెనుకాడారు. చావైనా సరే, గురువును ఒంటరిగా పంపరాదని ఆ వేళ తోటివారిని కదిలించినవాడు తోమా. పేతురు ధైర్యమును గూర్చి మనము ప్రసంగములు ఎన్నో విన్నాము, చెప్పాము. తోమా ధైర్యమును గూర్చి ఎన్ని విన్నాము?

రెండవసారి ఆయన మాట్లాడినది కడరాత్రి భోజనపు వేళ. ప్రభువు తాను వెళ్లుచున్న చోటిని గూర్చియు, దాని మార్గమును గూర్చియు చెప్పాడు. చోటే తెలియని మాకు దారి ఎట్లు తెలియునని తోమా అడిగాడు. ఆ గదిలోని మిగిలినవారందరికి తెలిసియుండెనని మేము అనుకోము. తెలియని దానికి తల ఊపుట తోమాకు చేతకాలేదు, అంతే. మార్గమును, సత్యమును, జీవమును తానేనని ప్రభువు చెప్పినది ఆ ప్రశ్నకు జవాబుగానే. మన గుడుల గోడల మీద మనము అందముగా వ్రాయించుకొన్న ఆ మాట, తోమా అడిగినందున మనకు దొరికిన మాట.

మూడవది అందరికి తెలిసినదే. ప్రభువు లేచిన దినపు సాయంకాలము శిష్యులకు కనబడినప్పుడు తోమా అక్కడ లేడు. గాయములను చూచి, వాటిని తాకితేనే గాని నమ్మనని అన్నాడు. ఆ ఒక్క మాటకు ఇన్ని వందల ఏండ్లుగా ఆయనకు అనుమానపు తోమా అని పేరు పెట్టి, మనము ఇంకా వాడుకొంటున్నాము. అయితే మిగిలినవారు మాత్రము వినగానే నమ్మారా? సమాధి యొద్దనుండి వచ్చిన స్త్రీల మాట వారికి వట్టి మాటగా తోచినదని లూకా వ్రాశాడు. వారు చూచి నమ్మారు. తోమా అడిగినది కూడ వారికి దొరికినదే గాని అంతకంటె మరీ ఎక్కువ కాదు.

ఎనిమిది దినముల తరువాత ప్రభువు మరల వచ్చాడు. ఈ ఎనిమిది దినములను గూర్చి సువార్త ఒక్క వివరమును చెప్పలేదు. అయినను వాటిలో మనకు గొప్ప పాఠమున్నది. నమ్మనని చెప్పినవాడు ఆ ఎనిమిదవ దినమున నమ్మినవారితోనే ఒక్క గదిలో ఉన్నాడు. వారు ఆయనను వెళ్లగొట్టలేదు. ఆయనయు వారిని విడిచిపోలేదు. మూసిన తలుపుల మధ్యకు వచ్చిన ప్రభువు మొదట అందరికి సమాధానము చెప్పి, వెంటనే తోమా వైపు తిరిగాడు. నవ్వులపాలు చేయలేదు. తన చేతులు చూపించాడు, తన ప్రక్క చూపించాడు. చిత్రకారులు తోమా గాయములో వ్రేలు పెట్టినట్లు చిత్రించారు గాని, తాకినాడని సువార్త చెప్పలేదు. ఆయన యేసును తన ప్రభువని, తన దేవుడని ఒప్పుకొన్నాడు. యోహాను సువార్తలో శిష్యుని నోట వచ్చిన అంతకంటె గొప్ప ఒప్పుకోలు లేదు. చూడకయే నమ్మువారు ధన్యులని ప్రభువు తరువాత చెప్పిన మాట మనకు దీవెన. తోమాను కొట్టుటకు మన చేతికిచ్చిన కర్ర కాదు.

ఆ తరువాత తిబెరియ సముద్రపు ఒడ్డున పేతురుతో చేపలు పట్టబోయినవారిలో ఆయన పేరున్నది. మేడగదిలో ప్రార్థన చేయుచున్నవారిలో ఉన్నది. అక్కడితో లేఖనము ఆగిపోతున్నది.

తోమా ఎక్కడికి వెళ్లాడు?

లేఖనము ఆగిన చోట పరంపర మొదలవుతున్నది. మూడవ శతాబ్దపు మొదటి భాగమున సిరియా దేశపు క్రైస్తవులు, బహుశః ఎదెస్సా పట్టణములో, తోమా కార్యములు అను గ్రంథమును సిరియాక్ భాషలో వ్రాశారు. అపొస్తలులు చీట్లు వేసి లోకమును పంచుకొనగా ఇండియా తోమాకు వచ్చినదనియు, ఆయన వెళ్లనని మొరాయించగా ప్రభువు ఆయనను హబ్బాను అను వర్తకునికి దాసునిగా అమ్మివేశాడనియు అందులోని కథ. గుండఫరు రాజు మేడ కట్టమని డబ్బిస్తే తోమా దానిని బీదలకు పంచిపెట్టి, మేడ పరలోకములో కట్టబడినదని చెప్పాడట. చివరకు మరియొక రాజు ఆజ్ఞ మీద సైనికులు ఆయనను ఊరి బయట కొండ మీదికి తీసికొనిపోయి ఈటెలతో పొడిచి చంపారని ఆ గ్రంథము చెప్తున్నది. కొండ అని ఉన్నది గాని, ఏ కొండయో గుర్తుపట్టుటకు ఆనవాలు లేదు.

ఇది సంఘము లేఖనముగా అంగీకరించిన గ్రంథము కాదు. ఇందులో కల్పన చాల ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దము వరకు గుండఫరు రాజు కూడ కల్పనయే అని పండితులు తలచారు. అటు తరువాత ఆఫ్ఘనిస్తాన్, పంజాబు ప్రాంతములలో ఆ రాజు పేరుగల నాణెములు బయటపడినవి. పెషావరు దగ్గర తఖ్త్-ఇ-బాహీలో దొరికిన శాసనమును బట్టి, ఆయన క్రీ.శ. మొదటి శతాబ్దపు పూర్వార్ధమున, అనగా అపొస్తలుల కాలముననే ఏలాడని తేలినది. రాజు నిజమైనంత మాత్రమున కథ అంతయు నిజము కాదు. అయినను కథ వ్రాసినవాడు గాలిలోనుండి రాజును పుట్టించలేదని రుజువైనది.

నాల్గవ శతాబ్దపు చరిత్రకారుడు యూసేబియసు తోమాకు పార్థియా దేశము వంతు వచ్చినదని వ్రాశాడు. క్రీ.శ. 373లో మరణించిన ఎఫ్రాయీము అను సిరియా భక్తుడు, ఇండియానుండి ఒక వర్తకుడు తోమా ఎముకలను ఎదెస్సాకు తెచ్చాడని పాడాడు. అవి తరువాత కియోసు ద్వీపమునకును, 1258లో అక్కడినుండి ఇటలీలోని ఒర్తోనాకును చేరినవి.

ఇక కేరళ క్రైస్తవుల పరంపర. తోమా క్రీ.శ. 52లో కొడుంగల్లూరు దగ్గర దిగి, ఏడు సంఘములను స్థాపించి, తూర్పు తీరమునకు వచ్చి, 72లో మైలాపూరులో హతసాక్షియైనాడని వారు తరతరములుగా పాటలలోను, కుటుంబ కథలలోను చెప్పుకొంటున్నారు. ఈ పాటలు మనకు దొరికిన వ్రాతరూపములు చాల ఆలస్యపువి. అందుచేత 52, 72 అను సంవత్సరములను పంచాంగములోని తేదీలవలె పట్టుకొనరాదు. అయితే ప్రయాణము అసాధ్యము కాదు. మొదటి శతాబ్దములో రోమనుల ఓడలు రుతుపవనములను ఆధారము చేసికొని మిరియాల కొరకు మలబారు తీరమునకు వచ్చేవి. మన తూర్పు తీరమున పుదుచ్చేరి దగ్గర అరికమేడులో ఆనాటి రోమను వర్తకపు గుర్తులు త్రవ్వకములలో దొరికినవి. ఆరవ శతాబ్దములో కాస్మాసు అను యాత్రికుడు మలబారులో క్రైస్తవ సంఘమున్నదని వ్రాశాడు.

మా అభిప్రాయము అడిగితే, తోమా మన దేశమునకు వచ్చాడనుట నమ్మదగిన మాటయే. దానిని తోసివేయుటకు తగిన కారణము మాకు కనబడలేదు. న్యాయస్థానములో నిలిచే రుజువు మాత్రము లేదు. ఈ రెండు మాటలను కలిపి చెప్పుటయే నిజాయితీ.

కొండ మీది రాయి

మైలాపూరు పరంపరలో మూడు స్థలములున్నవి. సైదాపేటలోని చిన్నకొండ గుహలో తోమా దాగియుండి ప్రార్థించాడట. పరంగికొండ మీద హతుడైనాడట. మైలాపూరు సముద్రతీరమున, ఇప్పటి శాంథోమ్ దేవాలయమున్న చోట, సమాధి చేయబడ్డాడట. సమాధిని గూర్చి పోర్చుగీసువారి రాకకు ముందే సాక్ష్యములున్నవి. 1290 ప్రాంతములలో ఈ తీరమునకు వచ్చిన మార్కో పోలో, క్రైస్తవులును మహమ్మదీయులును అక్కడికి యాత్ర వచ్చేవారనియు, అక్కడి ఎర్రమట్టిని జ్వరమునకు మందుగా తీసికొనిపోయేవారనియు వ్రాశాడు. నెమళ్లకు వేసిన బాణము గురితప్పి తగిలి తోమా మరణించాడని ఆయన విన్న కథ. ఈటె కథకు ఇది సరిపడదు. 1545లో ఫ్రాన్సిసు జేవియర్ మలక్కాకు వెళ్లుటకు ముందు కొన్ని నెలలు మైలాపూరులో ఉండి ఆ సమాధి యొద్ద ప్రార్థించాడు.

తరువాత రెండేండ్లకు, 1547లో, పోర్చుగీసువారు పరంగికొండ మీద గుడి పనికై త్రవ్వుచుండగా ఒక రాతి సిలువ బయటపడినది. పలక వంటి రాతి మీద ఉబ్బెత్తుగా చెక్కిన సిలువ అది. పైన దిగివచ్చుచున్న పావురము, అడుగున ఆకుల వంటి చెక్కడము, చుట్టును కమానులాగ ఒక వ్రాత ఉన్నవి. దానినే ఆ గుడి బలిపీఠమున నిలిపారు. 1558 డిసెంబరు 18న ఆరాధన జరుగుచుండగా ఆ రాతినుండి రక్తము వంటిది చెమర్చినదనియు, 1704 వరకు అప్పుడప్పుడు అట్లు జరిగినదనియు అక్కడి సంఘమువారు చెప్తారు. కన్నెమరియ పేరున కట్టిన ఆ దేవాలయములో డిసెంబరు 18 పండుగ దినము.

ఆ వ్రాత చాలకాలము ఎవరికి అంతుపట్టలేదు. అది పహ్లవీ లిపి, అనగా పూర్వపు పారసీకుల లిపి, అని పండితులు గుర్తించారు. దానిని పలువురు పలువిధములుగా చదివారు. సిలువను చెక్కినవాని మీద క్రీస్తు కనికరము కోరే ప్రార్థన అని ఒక చదువు. ఇటువంటివే కేరళలో కొట్టాయము మొదలైన చోట్ల ఉన్నవి. లిపిని బట్టి ఇవి ఆరవ శతాబ్దమునకును తొమ్మిదవ శతాబ్దమునకును మధ్యవని పండితుల అంచనా. కాబట్టి తోమా చేతి చెక్కడము కానేరదు. ఆనాడు మేము కొండ మీద చెప్పినది తప్పు.

అయితే ఆ రాయి చెప్పే నిజము మేము చెప్పిన కథకంటె తక్కువది కాదు. పరంగులు, అనగా ఐరోపావారు, ఉన్న చోటు గనుక ఆ కొండకు ఆ పేరు వచ్చినది. ఆ పేరు విని క్రీస్తు మతము పరంగులతో వచ్చినదేనని ఇప్పటికిని అనేవారున్నారు. పరంగుల ఓడ మన తీరమును చూడకమునుపు ఎన్నో వందల ఏండ్లనాడే, ఎవరో ఒక విశ్వాసి ఉలి పట్టి ఆ రాతిలో క్రీస్తు సిలువను చెక్కాడు. అతడు తోమా కాడు. తనకంటె ముందు నమ్మినవారి మాట విని నమ్మినవాడు, మనవంటివాడు.

కొండకు మెట్లు కట్టించినవాడు ఖోజా పెట్రస్ ఉస్కాన్ అను ఆర్మీనియా వర్తకుడు. పారసీక దేశపు జుల్ఫానుండి మద్రాసుకు వచ్చి వర్తకములో బాగా గడించినవాడు. అడయారు నది దాటలేక యాత్రికులు పడే అవస్థ చూచి, సైదాపేట దగ్గర స్వంత డబ్బుతో వంతెన కూడ కట్టించాడు. ఇది 1720ల నాటి మాట. ఉస్కాన్ 1751లో మరణించాడు. ఆ పాత వంతెన ఇప్పుడు లేదు. మెట్లు ఉన్నవి. 1802లో లాంబ్టన్ దొర దేశమంతటిని కొలుచుటకు పూనుకొని, తన మొదటి ఆధారరేఖను ఈ కొండ దగ్గరనే కొలిచాడు. 1986లో పోపు రెండవ జాన్ పాల్ ఇక్కడికి వచ్చి ప్రార్థించారు. దేవాలయము రోమను కతోలిక సంఘమువారిదే గాని, మెట్లు ఎక్కేవారిలో అన్ని సంఘములవారు ఉంటారు. నెల్లూరు, చిత్తూరు వైపునుండి వెళ్లిన మన తెలుగువారు ఉంటారు. క్రైస్తవులు కానివారును ఉంటారు.

బాకీ

ఇంత చదివిన తరువాత మేము ఆ అబ్బాయి ఇంటికి వెళ్లాము. వెళ్లుటకు మాకు ఏడు నెలలు పట్టినది. ప్రభువుకు ఎనిమిది దినములు చాలినవి. తల్లి కుర్చీ వేసి, కాఫీ తెచ్చుటకు లోపలికి వెళ్లారు. మేము ఆ అబ్బాయితో, నీవు అడిగినది మంచి ప్రశ్న, మాకు జవాబు తెలియక నిన్ను నలుగురిలో చిన్నబుచ్చాము, క్షమించుమని చెప్పాము. పై సంగతులన్ని వరుసగా చెప్పాము. అతడు చాలసేపు విని, ఆ రోజు తెలియదని ఒక్కమాట చెప్పియుంటే తనకు అంతే చాలునని అన్నాడు. మాకు నోట మాట రాలేదు.

అతడు ఇప్పుడు వేరే ఊరిలో బడిపంతులు. అప్పుడప్పుడు గుడికి వెళ్తాడని తల్లి చెప్తారు. ప్రతి ఆదివారము వెళ్తాడని వ్రాయగలిగితే ఈ వ్యాసము ఇంకా బాగుండును. కాని ఉన్నది ఉన్నట్లు చెప్తామని మొదటనే మాట ఇచ్చాము.

నూరేండ్ల పండుగలో మన సంఘ చరిత్రను మన పిల్లలకు చెప్పబోతున్నాము. మొదటి బాప్తిస్మము ఎవరిది, మొదటి గుడి ఎవరు కట్టారు, ఎవరిని ఎవరు ఊరి బయట నిలబెట్టారు అని వారు అడుగుతారు. కొన్నిటికి మన వద్ద రిజిష్టర్లు ఉన్నవి. కొన్నిటికి ముసలివారి మాటలు మాత్రమే ఉన్నవి. కొన్నిటికి ఏమియు లేవు. దేనిని దానిగా చెప్పుదము. అడిగిన పిల్లవానికి పేరు పెట్టవద్దు. నమ్మినవారి గదిలో తోమాకు ఎనిమిది దినములు చోటు ఉండెను గనుకనే, ప్రభువు వచ్చినప్పుడు ఆయన లోపల ఉన్నాడు. మన గదులలోను ఆ చోటు ఉండునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.